వేళ్లు కత్తిరించిన బోన్సాయ్ తేరుకోవాలంటే ముందు నీళ్ల సంగతి చూడాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. ఫైకస్ మైక్రోకార్పా బోన్సాయ్‌కి రీపాటింగ్ (పాత మట్టి తీసి కొత్త మట్టిలో తిరిగి నాటడం) చేసి దాదాపు రెండు వారాలైంది. వేళ్లలో సగం దాకా తీసేశారు. తోటమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి కొత్త పళ్లెం కుండీలో నాటారు. రోజుకు రెండుసార్లు నీళ్లు పోశారు. ఆకులు పసుపుబారి రాలడం మొదలవగానే బలం కోసం ఎరువు నీళ్లు పట్టించారు. ఎండ తగలకూడదని ఇప్పుడు గదిలో ఒక మూల ఉంచారు. చెట్టు బతుకుతుందా, ఇప్పుడేం చెయ్యాలి అని అడుగుతున్నారు.

బతికే అవకాశం బాగానే ఉంది. మర్రి, రావి కుటుంబానికే చెందిన ఈ జాతి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు సగం వేళ్లు పోయినా తట్టుకుంటుంది. ఆకులు రాల్చడం కూడా ఫైకస్‌కి మామూలే. మీ చెట్టుకు ఇప్పుడున్న ప్రమాదం కత్తిరింపు వల్ల వచ్చింది కాదు, కుండీలో ఆరకుండా నిలిచిపోయిన తడి వల్ల వచ్చింది. కాబట్టి ఈరోజు నుంచే నీళ్లూ ఎరువూ రెండూ ఆపండి. ఆ తర్వాత మిగతాది చూద్దాం.

లావు వేళ్లు చెట్టును నిలబెడతాయి, ఆహారం దాచుకుంటాయి, నీటిని మోస్తాయి. మట్టిలోంచి నీటిని లాగే పని మాత్రం దాదాపు అంతా సన్నని పీచు వేళ్ల కొనలదీ, వాటి మీద నూగులా ఉండే మూలకేశాలదీ. అవి ఎంత సున్నితమంటే, కత్తెర తాకకపోయినా పాత మట్టి దులిపేటప్పుడే చాలావరకు తెగిపోతాయి. అందుకే రీపాటింగ్ అయ్యాక కుండీ నిండా నీళ్లున్నా చెట్టులోకి వెళ్లేది కొద్దిగానే. ఆకులేమో ఎప్పటిలాగే తేమను గాల్లోకి వదులుతుంటాయి. రాబడి తగ్గి ఖర్చు అలాగే ఉండటంతో ఆకు వాడుతుంది. ఆ వాడిన ఆకును చూసి దాహమేసిందనుకుని మళ్లీ నీళ్లు పోస్తారు. రీపాటింగ్ తర్వాత బోన్సాయ్ చెట్లు చనిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది ఇదే.

కొత్త వేరు పుట్టడానికి నీటితో పాటు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండిపోతే ఆక్సిజన్ అందదు. కోసిన చివరలు మానక ముందే కుళ్లు పడుతుంది. పళ్లెం కుండీలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఏ కుండీలోనైనా నీళ్లు కారిపోయాక అడుగున కొంత ఎత్తు వరకు మట్టి నీటితో నిండే ఉంటుంది. ఆ ఎత్తు మట్టి రకాన్ని బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి మారదు. మెత్తటి తోటమట్టిలో ఆ తడి పొర 4 సెంటీమీటర్లు ఉందనుకోండి. 20 సెంటీమీటర్ల లోతు కుండీలో అది అడుగున కొద్ది భాగమే. 5 సెంటీమీటర్ల పళ్లెంలో వేళ్లన్నీ దాదాపు ఆ పొరలోనే మునిగి ఉంటాయి. మామూలు పూలకుండీలో బాగా పనిచేసే మట్టి మిశ్రమం బోన్సాయ్ పళ్లెంలో ఊబిలా మారడానికి కారణం ఇదే.

దీనికి వెంటనే చేయగలిగే ఉపాయం ఒకటుంది. కుండీ ఒక పక్క కింద ఓ చెక్కముక్క పెట్టి, ఆ పక్కను మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి లేపండి. నీళ్లు కారే రంధ్రం కిందికి వంగిన వైపు ఉండేలా చూసుకోండి. ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ మట్టికి నిలువు ఎత్తు పెరుగుతుంది. అప్పటిదాకా కదలని నీళ్లు కూడా బొట్లుబొట్లుగా దిగిపోతాయి. అరగంట అలా ఉంచితే తేడా మీకే కనిపిస్తుంది. కుండీ కింద నీళ్లు పట్టే పళ్లెం ఉంటే తీసేయండి.

తర్వాత చెట్టు పరిస్థితి చూడాలి. చిన్న కొమ్మల మీద రెండు మూడు చోట్ల గోటితో బెరడును కొద్దిగా గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. ఫైకస్‌లో అయితే పాలు కూడా ఊరతాయి. గోధుమ రంగులో పొడిగా ఉంటే అక్కడికి చనిపోయింది. అప్పుడు మెల్లగా మొదలు వైపు వస్తూ గీరి చూడండి. కొమ్మల చివర్లు ఎండి కాండం పచ్చగా ఉన్నా పరవాలేదు, ఫైకస్ ముదురు కాండం మీద నుంచి కూడా చిగురిస్తుంది. ఎండిన కొమ్మలను ఇప్పుడే కత్తిరించకండి. ఎక్కడిదాకా బతికి ఉందో నెల రోజుల తర్వాత చెట్టే చూపిస్తుంది.

ఇక మట్టి వాసన చూడండి. కుండీ అడుగు రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన పీలిస్తే చాలు. తడిమట్టి వాసన వస్తే మంచిదే. పులిసిన వాసనో మురుగు వాసనో వస్తే కుళ్లు మొదలైనట్టే. ఈ రెండిట్లో ఏదన్నదాన్ని బట్టి తర్వాత చేయాల్సిన పని మారిపోతుంది.

మట్టి వాసన బాగుంటే చెట్టును కుండీలోంచి కదిలించకండి. వేళ్లు వచ్చాయేమో చూద్దామని పైకి లాగడం, మట్టి బాగాలేదని మళ్లీ మార్చడం, రెండూ అప్పుడే పుడుతున్న తెల్లటి కొనలను తెంపేస్తాయి. మట్టి కాస్త బరువైనదైనా, నీళ్లు అదుపులో పెట్టి ఈ సీజన్ గడిపేయడమే మేలని నా అభిప్రాయం.

పులిసిన వాసన వస్తుంటే మాత్రం ఆగి లాభం లేదు, తీయాల్సిందే. చెట్టును బయటికి తీసి, ధారగా పడే మామూలు నీళ్లతో మెల్లగా మట్టి కడగండి. కుళ్లిన వేరు నల్లగా, మెత్తగా ఉంటుంది. చేతి వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపలి దారం మిగులుతుంది. దాన్ని తెల్లటి గట్టి భాగం కనిపించేదాకా పదునైన కత్తెరతో కోసేయండి. ప్రతి కోతకూ ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. ఆరోగ్యంగా ఉన్న వేరును ఒక్కటి కూడా ముట్టుకోకండి. మళ్లీ పళ్లెంలో కాకుండా, వేళ్ల ముద్దకన్నా చుట్టూ రెండు సెంటీమీటర్లు మాత్రమే పెద్దదైన జాలీ బుట్టలో నాటండి. పక్కల నుంచి గాలి ఆడే బుట్టలో వేళ్లు తొందరగా వస్తాయి. ఒక ఏడాది అందులోనే ఉన్నా నష్టం లేదు, అందమైన కుండీ తర్వాత చూసుకోవచ్చు.

ఆ బుట్టలోకి మట్టి అనే మాటే వద్దు, గుల్ల రాయి కావాలి. ప్యూమిస్ (తేలికైన, గుల్లగా ఉండే అగ్నిపర్వత రాయి) రెండు పాళ్లు, లావా రాయి గానీ పగలగొట్టిన ఇటుక ముక్కలు గానీ ఒక పాలు, అకడామా (జపాన్ నుంచి వచ్చే గట్టి బంకమట్టి గుళికలు) గానీ ముతక పైన్ బెరడు గానీ ఒక పాలు కలపండి. రేణువులు 2 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. జల్లెడ పట్టి కిందికి దిగిన పొడినంతా పారేయండి. ఈ పొడే తర్వాత అడుగున పేరుకుని నీళ్లను ఆపేస్తుంది. నింపేటప్పుడు సన్నని వెదురు పుల్లతో వేళ్ల మధ్యకు మెల్లగా ఆడిస్తూ మిశ్రమాన్ని దించండి. పిడికిలితో నొక్కితే రేణువులు నలిగి గాలి సందులు పోతాయి. నాటిన వెంటనే ఒకసారి, అడుగు నుంచి వచ్చే నీళ్లు తేటగా అయ్యేవరకు పోయండి.

చెట్టు కదలకుండా ఉండటం గురించి చాలామంది పట్టించుకోరు. కాండాన్ని రెండు చేతి వేళ్లతో పట్టుకుని మెల్లగా తోసి చూడండి. మొదలు మట్టితో పాటు కాక విడిగా ఊగుతోందంటే, గాలి వీచిన ప్రతిసారీ, కుండీ జరిపిన ప్రతిసారీ కొత్త వేరు కొనలు రేణువులకు రాసుకుని తెగిపోతున్నట్టే. నాటేటప్పుడైతే 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగను అడుగు రంధ్రాల్లోంచి పైకి తెచ్చి వేళ్ల ముద్ద మీదుగా బిగిస్తాం. మీరు అది చేయకపోతే ఇప్పుడు చెట్టును బయటికి తీయనక్కర్లేదు. గట్టి తాడును కుండీ కింద నుంచి తెచ్చి, మొదట్లో లావు వేళ్ల మీదుగా కట్టండి. తాడు తాకే చోట రబ్బరు ముక్కో మడిచిన గుడ్డో పెట్టండి. ఊగడం ఆగేంత బిగువు చాలు. మూడు నాలుగు నెలల తర్వాత, తాడు వదులు చేసినా చెట్టు కదలకపోతే విప్పేయవచ్చు.

నీళ్లు ఎప్పుడు పోయాలన్నది గడియారం చూసి తేల్చేది కాదు. ఒక టూత్‌పిక్‌నో, రంగు వేయని సన్న పుల్లనో కాండానికీ కుండీ అంచుకూ మధ్య మూడు సెంటీమీటర్ల లోతు గుచ్చి పది నిమిషాలు ఉంచండి. ముదురు రంగులో తడిసి వస్తే ఆగండి. చల్లగా, కాస్తంత చెమ్మగా మాత్రమే ఉండి, పైమట్టి ఒక సెంటీమీటరు వరకు ఆరిపోయి ఉంటే అప్పుడు పోయండి. పోసినప్పుడు అడుగు నుంచి బాగా కారేలా పోయాలి. రోజూ గ్లాసెడు చొప్పున పోస్తే పైన తడి, మధ్యలో పొడి, అడుగున ఊబి తయారవుతాయి. మిశ్రమం పూర్తిగా గలగలలాడేంత ఎండిపోనివ్వడం కూడా తప్పే. కొత్త కొనలు ఒక్కసారి ఎండితే మళ్లీ మొదటికొస్తుంది.

పుల్లకన్నా కచ్చితంగా చెప్పేది తూకం. నీళ్లు పోసి, గంటసేపు కారనిచ్చి కుండీని వంటింటి త్రాసు మీద పెట్టి అంకె రాసుకోండి. మర్నాడు అదే వేళకు మళ్లీ తూచండి. ఉదాహరణకు నిన్న 2000 గ్రాములుండి ఈరోజు 1970 ఉంటే, పోయిన 30 గ్రాముల్లో మట్టి పైనుంచి ఆవిరైంది కూడా ఉంది. అంటే చెట్టు తాగింది చాలా తక్కువ. అలాంటప్పుడు ఆకులు వాడి ఉన్నా నీళ్లు పోసి ప్రయోజనం లేదు, ఆకుల నుంచి పోయే తేమనే తగ్గించాలి. వాతావరణం మారకుండానే రోజువారీ తగ్గుదల 30 నుంచి 50కి, 80కి పెరుగుతూ ఉంటే కొత్త వేళ్లు పనిలోకి దిగాయన్నమాట. కనిపించని వేళ్ల గురించి ఇంత నమ్మకంగా చెప్పేది ఇంకోటి లేదు.

ఇప్పుడు ఆకుల నుంచి పోయే ఆ తేమను తగ్గించే సంగతి. మీ ఫైకస్‌కు పారదర్శకమైన పాలిథిన్ సంచి తొడగండి. అయితే కుండీ మొత్తాన్ని కప్పకండి. కొమ్మలూ ఆకులూ ఉన్న భాగాన్ని మాత్రమే కప్పి, కాండం మొదట్లో వదులుగా కట్టండి. అప్పుడు ఆకుల చుట్టూ తేమ నిలుస్తుంది, మట్టి మాత్రం ఆరుతూ ఉంటుంది. మీ కుండీలో తడి ఎక్కువగా ఉంది కాబట్టి ఇలాగే చేయాలి. సంచి ఆకులకు అంటుకోకుండా లోపల రెండు పుల్లలు నిలబెట్టండి. రోజుకొకసారి పది నిమిషాలు విప్పి గాలి ఆడనివ్వండి, రాలిన ఆకులు ఏరేయండి. సంచి తొడిగిన చెట్టును నేరుగా ఎండలో పెడితే లోపల వేడి పెరిగి కొద్దిసేపట్లోనే ఆకులు ఉడికిపోతాయి. చిగుర్లు సెంటీమీటరు దాటాక సంచికి రెండు మూడు చిల్లులు పెట్టి, మూడు నాలుగు రోజులకోసారి వాటిని పెద్దవి చేస్తూ, రెండు వారాల్లో తీసేయండి. ఒక్కసారిగా తీస్తే ఆ తేమకు అలవాటుపడిన లేత ఆకులు ఒక్క మధ్యాహ్నంలో వాడిపోతాయి.

ఆకులు ఎక్కువగా మిగిలి ఉంటే మూడో వంతు వరకు తీసేయవచ్చు. పెద్దవీ, ముసలివీ, లోపలివైపువీ తీయండి. తొడిమ ఉంచి కత్తెరతో కోస్తే దాని మొదట్లోని మొగ్గకు దెబ్బ తగలదు. కొమ్మల చివరి చిగురు మొగ్గలను మాత్రం గిల్లకండి. వేళ్లను పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ అక్కడే తయారై కిందికి దిగుతుంది. వేళ్లు తగ్గాయి కదా అని పైన కూడా అంతే కోసేసి సమం చేయాలన్న సలహా తరచూ వింటుంటాం. అలా చేస్తే కొత్త వేళ్లకు అందాల్సిన హార్మోనూ ఆహారమూ రెండూ తగ్గిపోతాయి. మీ చెట్టు ఇప్పటికే ఆకులు రాలుస్తోంది కాబట్టి మీరు తీయాల్సింది ఏమీ ఉండకపోవచ్చు.

గదిలోని ఆ మూల నుంచి చెట్టును ఈరోజే తీసేయండి. నీడ అవసరమే, చీకటి కాదు. కొత్త వేరు కట్టుకోవడానికి కావలసిన చక్కెర ఆకుల్లో వెలుతురుతోనే తయారవుతుంది. పుస్తకం హాయిగా చదువుకునేంత వెలుతురు రోజంతా ఉండి, ఎండ నేరుగా పడని చోటు కావాలి. బయటైతే 50 శాతం నీడనిచ్చే వల కిందో పెద్ద చెట్టు నీడలోనో, లోపలైతే వెలుతురు బాగా వచ్చే కిటికీకి అడుగు దూరంలోనో పెట్టండి. గాలి జోరుగా కొట్టకూడదు. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి అసలు తగలకూడదు. ఫైకస్ వేళ్లు 22 నుంచి 30 డిగ్రీల మధ్య చురుగ్గా పెరుగుతాయి. రాత్రి ఉష్ణోగ్రత 15 కంటే తగ్గితే బాగా మందగిస్తాయి. ఒకసారి మంచి చోటు కుదిరాక రోజుకో చోటికి మార్చకండి, ఫైకస్ దానికి కూడా ఆకులు రాలుస్తుంది.

ఎరువు ఎందుకు ఆపమన్నానంటే, కరిగిన లవణాలు మట్టిలో పెరిగితే వేళ్లలోకి నీరు రావడం మరింత కష్టమవుతుంది. గాయాల దగ్గరైతే కొనలు మాడతాయి కూడా. సేంద్రియ ఎరువే కదా అనుకోవడానికీ లేదు. తడి మట్టిలో కుళ్లుతున్న పదార్థం వేళ్లకు అందాల్సిన ఆక్సిజన్‌ను తానే వాడుకుంటుంది. విటమిన్ బీ1 సీసాలు కూడా వేళ్లను పుట్టించవు. వాటి మీద ఆశ పెట్టుకోకండి.

రాబోయే వారాల్లో ఏం కనిపిస్తుందో ముందే తెలిస్తే కంగారు తగ్గుతుంది. మొదటి రెండు మూడు వారాలు పాత ఆకులు పసుపుబారి రాలుతుంటాయి. పట్టుకోగానే ఊడిపోయే పసుపు ఆకు చెట్టు తనంతట తాను వదిలేసింది. అది మంచి సూచనే, ఎందుకంటే ఆకును వదలడానికి కూడా కొమ్మలో ప్రాణం ఉండాలి. గోధుమరంగుకు తిరిగి, పెళుసుగా ఎండి, లాగినా ఊడకుండా కొమ్మనే వేలాడే ఆకులు చెడ్డ సూచన. అలాంటి కొమ్మను గోటితో గీరి చూడండి. మూడు నుంచి ఆరు వారాల మధ్య మొగ్గలు ఉబ్బుతాయి. అప్పుడే సంబరపడి ఎండలోకి తెచ్చి ఎరువు వేసేవాళ్లు ఎక్కువ. తొలి చిగురు కాండంలో దాచుకున్న ఆహారంతో రావచ్చు, వేళ్లు లేకపోయినా రావచ్చు. నరికిన కొమ్మ కూడా కొన్నాళ్లు చిగురిస్తుంది కదా. ఆ చిగురు పూర్తి సైజు ఆకుగా విచ్చుకుని, ముదిరి, ముదురాకుపచ్చగా మెరుస్తూ నిలబడి, దాని వెనకే మరో జత వచ్చి, త్రాసు మీద రోజువారీ తగ్గుదల కూడా పెరిగితే అప్పుడు చెట్టు మారాకు వేసినట్టు లెక్క. చిగుర్లు అర సెంటీమీటరు వచ్చి ఆగిపోయి నల్లబడితే కింద వేళ్లు ఇంకా సిద్ధంగా లేవు. నీడా సంచీ అలాగే కొనసాగించండి.

సంచిలో ఉన్నన్నాళ్లూ పురుగుల మీద కన్నేసి ఉంచండి. నీరసించిన చెట్టుకు ఆకుల రసం పీల్చే సన్నటి నల్లులూ పొలుసు పురుగులూ సులువుగా పడతాయి. తెల్లకాగితం మీద కొమ్మను తడితే, రాలిన చుక్కల్లో కదిలేవి నల్లులు. మట్టి మీద చిన్న నల్లటి ఈగలు ముసురుతున్నాయంటే పైమట్టి ఆరడం లేదని అర్థం.

ఈ జాగ్రత్తలన్నీ ఫైకస్‌కి చెప్పినవి. వేరే చెట్టుకు వీటిని యథాతథంగా వాడకండి. జూనిపర్ బలమంతా దాని ఆకులోనే ఉంటుంది కాబట్టి ఆకు తీయకూడదు. వేళ్లలో మూడో వంతుకు మించి కోయకూడదు. సంచి వద్దు, రోజుకు రెండు మూడుసార్లు ఆకుల మీద సన్నటి తుంపర చాలు. మొదటి రెండు మూడు వారాలు ఉదయపు లేత ఎండ ఉండాలి. జూనిపర్ చనిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. అందుకే పాత ఆకు రంగును నమ్మకుండా కొనల్లో లేత పచ్చ కదులుతోందా అని చూడాలి. పైన్‌కి వేళ్లన్నీ ఒకేసారి కడిగేస్తే చాలాసార్లు బతకదు. ఒకసారి ఒక సగం, రెండు మూడేళ్ల తర్వాత మరో సగం శుభ్రం చేస్తారు. దాని వేళ్ల చుట్టూ తెల్లటి బూజులా ఉండి పుట్టగొడుగు వాసన వచ్చేది మేలు చేసే శిలీంధ్రం, దాన్ని కడిగేయకూడదు. మేపుల్, ఎల్మ్ లాంటి ఆకురాల్చే చెట్లకు మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని రోజుల్లోనే వేళ్లు కోయాలి. అప్పుడు ఆకే ఉండదు కాబట్టి వాడే బెడద ఉండదు, మంచు గడ్డకట్టే చలి తగలకుండా కాపాడితే చాలు. బోగన్‌విల్లా వేళ్లు పెళుసు, పాత మట్టిని పూర్తిగా దులపకూడదు. జేడ్ మొక్కది అన్నిటికీ వ్యతిరేకం. పొడి మిశ్రమంలో నాటి, కోతలు మానేదాకా వారం రోజులు నీళ్లే పోయరు. ఆకులు కాస్త ముడతపడినా తమలో దాచుకున్న నీటితో నెట్టుకొస్తాయి, సంచి తొడిగితే మాత్రం కుళ్లిపోతుంది.

మీ ఫైకస్‌లో తొలి విడత ఆకులు ముదిరాక రోజుకు గంట చొప్పున ఉదయపు ఎండకు అలవాటు చేయండి. వారానికో గంట పెంచుతూ పోండి. ఎరువు మొదలుపెట్టేది కూడా అప్పుడే, నేటికి కనీసం ఆరు వారాల తర్వాత. ద్రవ ఎరువును ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నాలుగో వంతుకు పలచన చేసి, మట్టి ముందే తడిగా ఉన్నప్పుడు పదిహేను రోజులకోసారి ఇవ్వండి. రెండు నెలలు గడిచాక సగం మోతాదుకు వెళ్లవచ్చు. కొమ్మలకు తీగ చుట్టడం, ఆకారం కోసం కత్తిరించడం రెండో విడత చిగురు కూడా ముదిరేదాకా వాయిదా వేయండి. ఆ బరువైన మట్టిని మార్చే పని మాత్రం మామూలుగా ఆగే రెండు మూడేళ్లు ఆగకుండా, చెట్టు బలంగా పెరుగుతుంటే వచ్చే ఏడాది వెచ్చటి రోజులు మొదలవగానే పెట్టుకోండి. ఆసారి మట్టి మాత్రమే మార్చండి, వేళ్ల మీద కత్తెర పెట్టకండి.